ఖాళీ స్లైడ్

కథలో కుక్కకి గడ్డ వచ్చిందంటే ఆ కుక్క ఇంక ఎన్నో పేజీలు బతకదని పాఠకుడికి తెలిసిపోతుంది. కుందేరా 1984 నవల 'ది అన్‌బేరబుల్ లైట్‌నెస్ ఆఫ్ బీయింగ్' చివరి భాగంలో కరేనిన్ అనే కుక్క కుంటడం మొదలుపెడుతుంది. తోమాస్ కాలు తడిమి చూస్తే గడ్డ తగుల్తుంది. గడ్డ అంటే క్యాన్సరే. తోమాస్ సర్జన్ కాబట్టి ఆపరేషన్‌లో తనూ చెయ్యేస్తాడు, చివరికి ఇంజెక్షనూ తనే ఇస్తాడు. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఈ నవల చదివి, ఆ భాగం దగ్గర హాస్టల్ గదిలో దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. పోయినేడాది మళ్ళీ చదివాను. ఈసారి ఏడుపు రాలేదు. ఒకటే సందేహం వచ్చింది: మిగతా గడ్డలేవీ?

ఎందుకంటే మా పండుకి ఇప్పటిదాకా ఏడు వచ్చాయి.

పండు మా ల్యాబ్రడార్. పసుపురంగు, ఆడది, పన్నెండేళ్ళు నిండాయి. నాకు మొదటి ఉద్యోగం వచ్చిన ఏడాది ఇంటికొచ్చింది. పేరుకి నా కుక్క. నేను ఆఫీసుకి, అది అమ్మ దగ్గరికి. అలా మూడు నెలల్లోనే అమ్మ కుక్క అయిపోయింది. మొదటి గడ్డ అమ్మకే దొరికింది. అప్పుడు పండుకి ఎనిమిదేళ్ళు. వానాకాలం కదా అని గోమార్ల కోసం బొచ్చు పాయలు తీసి వెతుకుతుంటే, పక్కటెముకల మీద వేళ్ళ కింద ఏదో జారింది. "ఒరేయ్, ఇటు రా, ఇక్కడ చెయ్యి పెట్టు" అంది. పెట్టాను. నిమ్మకాయంత. నొక్కితే పక్కకి తప్పుకుంటోంది. పండుకి నొప్పేమీ లేదు, ఎవరో గోకుతున్నారనుకుని వెనక్కాలు ఆడిస్తోంది.

"పూరీపిండి ముద్దలా లేదూ?" అంది అమ్మ. తర్వాత ఈ నాలుగేళ్ళలో నలుగురు పశువైద్యులు ఆ గడ్డల్ని రకరకాల మాటల్లో వర్ణించారు గానీ, ఇంతకంటే కచ్చితంగా ఎవరూ చెప్పలేదు.

వాటిని లైపోమా అంటారు. కొవ్వు కణాలు ఒకచోట గుంపుగా పెరిగి, చుట్టూ పల్చటి పొర కట్టుకుని, చర్మం కింద ముద్దలా కూర్చుంటాయి. నడివయసు దాటిన కుక్కల్లో ఇది మహా మామూలు. ల్యాబ్రడార్లలో, డాబర్‌మన్లలో మరీనూ. ఒళ్ళున్న కుక్కల్లో ఎక్కువ, ఆడకుక్కల్లో ఎక్కువ. ఛాతీ, పొట్ట, చంకలు వీటికి ఇష్టమైన చోట్లు. ఒకటి వచ్చిన కుక్కకి ఇంకొన్ని వస్తాయి. చాలామటుకు ఏ హానీ చెయ్యవు, ఇంకోచోటికి పాకవు. కుక్క వాటిని మోసుకుంటూ తన బతుకు తను బతికేసి, వేరే ఏ కారణంతోనో పోతుంది.

ఈ చివరి వాక్యం నాకు కొత్తది కాదు. మా నాన్న ఎడమ ముంజేతి మీద ఒక కొవ్వుగడ్డ ఉండేది. నేనూ చెల్లీ చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూచుని దాన్ని అటూ ఇటూ జరిపి ఆడుకునేవాళ్ళం. ఎప్పుడొచ్చిందని అడిగితే "నీకంటే ముందే వచ్చింది, నీకు అక్క అవుతుంది" అనేవారు. ఆయన దాన్ని ఏ డాక్టరుకీ చూపించలేదు. ఆయన గుండెజబ్బుతో పోయారు. గడ్డకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ముప్పయ్యేళ్ళకి పైగా ఆ చేతిమీద ఉండి, ఒక్క కథకీ పనికిరాకుండా ఆయనతోనే వెళ్ళిపోయింది.

మరి చేత్తో తడిమితే పూరీపిండిలా ఉంటే సరిపోతుందా? సరిపోదు. ఈ వ్యాసంలో ఎవరికైనా ఉపయోగపడే ముక్క ఏదైనా ఉంటే అది ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మేం చూపించే డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్న. మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు గడ్డని రెండు వేళ్ళతో పట్టుకుని, "తొంభై శాతం కొవ్వే అనిపిస్తోందండీ. కానీ నా వేళ్ళని నేను నమ్మను" అంది. మామూలు సిరంజీ, సన్నటి సూది. మత్తు లేదు, గుండు గీయడం లేదు. అమ్మ పండు మూతి దగ్గర మేరీ బిస్కెట్ పెట్టుకుని నిలబడింది. డాక్టరమ్మ సూదిని గడ్డలోకి దింపి, రెండు మూడు దిక్కుల్లో కదిపి, బయటికి తీసి, సిరంజీలో గాలి నింపి సూదిలో ఉన్నదాన్ని గాజు స్లైడ్ మీదకి చిమ్మింది. అరనిమిషం కూడా పట్టలేదు. పండు బిస్కెట్ తినడం ఆపలేదు.

స్లైడ్ మీద నూనె చుక్కలు. నెయ్యి డబ్బా మూత తుడిచిన గాజులా మెరుస్తోంది. ఎంతసేపు గాలికి పెట్టినా ఆరదు. ఆరకపోవడమే మొదటి గుర్తట. తర్వాత రంగువేసే ముందు స్లైడ్‌ని ఆల్కహాల్‌లో ముంచుతారు. అప్పుడు ఆ కొవ్వంతా కరిగి కొట్టుకుపోతుంది. రంగులన్నీ వేసి మైక్రోస్కోప్ కింద పెడితే చాలాసార్లు కనబడేది ఏమిటయ్యా అంటే, ఏమీ లేదు. అదృష్టం బాగుంటే రెండు మూడు కొవ్వు కణాల గుత్తులు, నీళ్ళు నింపిన పాలిథిన్ కవర్లు ఒకదాన్నొకటి ఒరుసుకున్నట్టు. లేకపోతే ఖాళీ గాజు.

ఖాళీ స్లైడ్ శుభవార్త అని తెలిసినప్పుడు నాకు గమ్మత్తుగా అనిపించింది. నా వృత్తిలోనూ ఇలాంటి ఇబ్బందే ఉంది. లాగ్ ఖాళీగా ఉందంటే తప్పులేమీ జరగలేదనీ కావచ్చు, లాగ్ రాసే ప్రోగ్రామే పడుకుందనీ కావచ్చు. అదే అడిగాను. డాక్టరమ్మ నవ్వి, "అందుకే ముంచకముందు ఆ నూనె చుక్కల్ని చూస్తాం" అంది. ఇంకో మెలికా ఉందని చెప్పింది. చర్మం కింద ఎలాగూ కొవ్వుంటుంది. సూది అసలు గడ్డని తప్పి పక్కనున్న మామూలు కొవ్వులోకి దిగినా స్లైడ్ ఇలాగే మెరుస్తుంది. అందుకని గడ్డని గట్టిగా పట్టుకుని, ఒకటికి రెండుసార్లు, వేర్వేరు చోట్ల గుచ్చాలి. సెంటీమీటరు దాటిన ఏ గడ్డనైనా, నెలరోజులైనా పోని ఏ గడ్డనైనా గుచ్చి చూడాల్సిందే. ఇంతకుముందువన్నీ కొవ్వే కదా అని ఆరోదాన్ని వదిలెయ్యకూడదు.

ఇంటికొచ్చాక నేను రెండు పనులు చేశాను. ఒకటి, కాగితం మీద కుక్క బొమ్మ గీసి, ఎడమ కుడి వైపులు వేరువేరుగా చూపించి, గడ్డ ఉన్నచోట సున్నా చుట్టి తేదీ వేశాను. రెండోది, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం ల్యాబ్ కోసం కొన్న వెర్నియర్ కాలిపర్స్ అటక మీంచి దించాను. పదిహేనేళ్ళ తర్వాత వాటికి ఒక సార్థకత దొరికింది. ప్రతినెలా మొదటి ఆదివారం కొలత, స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరుస. అమ్మకి ఇదంతా వేళాకోళం. "నా చేతికి తెలుస్తుందిరా, పెరిగితే" అనేది. నిజమే, తెలిసేది. రెండో గడ్డని, మూడో గడ్డని కూడా ఆమే పట్టుకుంది. నా కాలిపర్స్‌కి గడ్డ ఎక్కడుందో ముందు ఎవరో ఒకరు చెప్పాలి కదా.

గడ్డల సంగతి తెలిసినవాళ్ళంతా తలా ఒక మందు చెప్పారు. తెనాలి నుంచి పిన్ని ఫోన్ చేసి పసుపూ సున్నమూ కలిపి పట్టు వెయ్యమంది. వాచ్‌మన్ "కత్తి తగిలితే గడ్డ ముదురుద్ది సార్, ముట్టుకోకండి" అన్నాడు. ఎవరో ఆముదం రుద్దమన్నారు. పై ఫ్లాటాయన ఏదో గుళికలు తెచ్చిచ్చారు, గడ్డలు కరిగిపోతాయని. కొవ్వుగడ్డని కరిగించే పట్టూ గుళికా ఉన్నట్టు ఆధారం ఎక్కడా లేదు. పైగా సున్నం పెడితే ముందు ఒరిసేది చర్మం. కత్తి మాట మాత్రం నాకు కొట్టిపారెయ్యాలనిపించలేదు. ఆ మాట వెనక ఏముందో ఊహించగలను. ఒకప్పుడు మనవాళ్ళు గడ్డ బాగా ముదిరాక గానీ ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళు కాదు. అలాంటప్పుడు కత్తి పడ్డాక మనిషి త్వరగానే పోయేవాడు. చూసినవాళ్ళు కత్తినీ చావునీ కలిపి గుర్తుపెట్టుకున్నారు.

తిండి విషయం వేరు. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ల్యాబ్రడార్లలో ఒక జన్యులోపాన్ని కనిపెట్టారు. పామ్‌సీ అనే జన్యువులో చిన్న ముక్క ఎగిరిపోయి ఉంటుంది. వాళ్ళు చూసిన ల్యాబ్రడార్లలో ఇంచుమించు నాలుగోవంతుకి అది ఉంది. ఆ కుక్కలకి కడుపు నిండిందన్న కబురు మెదడుకి సరిగ్గా అందదు. ఆ వార్త చదివి వినిపిస్తే అమ్మ పండుని దగ్గరికి లాక్కుని "చూశావా, పాపం దానికి నిజంగానే ఆకలి" అంది. అంటే నేను చదివిన దానికి సరిగ్గా తిరగేసిన అర్థం. అంతకుముందు 2002లో వచ్చిన ఇంకో అధ్యయనం ఉంది: 48 ల్యాబ్రడార్లని జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకదానికి రెండోదాని కంటే పాతికశాతం తక్కువ తిండి పెట్టారు, జీవితాంతం. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్ళు, రెండోవాటిది 11.2. ఇది విన్నాక అమ్మ పెరుగన్నం సగం చేసింది. ఏడాదిలో పండు నాలుగు కిలోలు తగ్గింది. గడ్డలు మాత్రం తగ్గలేదు. ఒళ్ళు తీసేకొద్దీ, చెరువులో నీళ్ళు తగ్గితే రాళ్ళు తేలినట్టు, ఇంకా బాగా కనబడ్డాయి.

మళ్ళీ పుస్తకాల దగ్గరికి వస్తాను. సాహిత్యంలో ముసలికుక్కలకి కొరత లేదు, కానీ వాటికి ఒళ్ళు ఉండదు. ఒడిస్సీలో ఆర్గోస్ ఇరవయ్యేళ్ళు యజమాని కోసం ఎదురుచూసి, చివరికి పేడకుప్ప మీద పడుకుని, అతన్ని చూడగానే ప్రాణం విడుస్తుంది. మన భారతం కుక్కతో మొదలై కుక్కతో ముగుస్తుంది. ఆదిపర్వంలో సరమ కొడుకుని జనమేజయుడి తమ్ముళ్ళు కొడతారు, మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్క చివరికి ధర్మదేవతగా తేలుతుంది. అంతదూరం హిమాలయాల్లో నడిచిన కుక్కకి కీళ్ళనొప్పులున్నాయేమోనని ఎవరూ అడగరు, అది కుక్క కాదు కాబట్టి. కుక్క ఒంటి గురించి మొహమాటం లేకుండా రాసింది నాకు తెలిసినంతలో ఎకర్లీ ఒక్కడే, 'మై డాగ్ తులిప్'లో. 1956లో అచ్చయింది. చదివితే ఇప్పటికీ కొందరికి ఇబ్బందిగా ఉంటుంది. నాకు మాత్రం అది అన్నిటికంటే ప్రేమగా రాసిన కుక్క పుస్తకం అనిపిస్తుంది, బహుశా ఆ ఇబ్బంది వల్లే.

సూసన్ సాంటాగ్ 1978లో 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్' రాస్తూ, జబ్బుకి లేని అర్థాలు అంటగట్టొద్దని వాదించింది. ఆమె మాట్లాడింది క్షయ గురించీ క్యాన్సర్ గురించీ. లైపోమా గురించి ఆమెకి ఆ బెంగ అక్కర్లేదు. దాన్ని ఉపమానంగా వాడుకుందామని ఎవరూ సరదాపడరు. కథకుడి దృష్టిలో అది దండగ వివరం. గోడకి తుపాకీ ఉంటే చివరికది పేలాలని చెహోవ్ పేరు మీద చెప్తుంటారు కదా, లైపోమా పేలని తుపాకీ. పన్నెండేళ్ళ కుక్కతో బతుకు మాత్రం ఎక్కువభాగం ఈ పేలనివాటిని తుడిచి, కొలిచి, మళ్ళీ గోడకి తగిలించడమే. కథకి అక్కర్లేనిదాన్ని రోజూ చూసుకోవాలి. ఆఫీసులో దీనికి మాకో పద్ధతుంది: కొన్ని లోపాలని 'తెలిసినదే' అని రాసి పక్కన పెడతాం, సరిచెయ్యం. కానీ టికెట్ మూసెయ్యం. ఎవరో ఒకరి పేరు మీద అది తెరిచే ఉంటుంది.

ఐదో గడ్డ దగ్గర ఇదంతా తలకిందులైంది.

పండుకి పదేళ్ళప్పుడు కుడి తొడ పక్కన వచ్చింది. శనగగింజ కంటే కొంచెం పెద్దది, 11 మిల్లీమీటర్లు. మెత్తగానే ఉంది, జరుగుతూనే ఉంది. అమ్మ చేతికి తేడా తెలియలేదు, నాకూ తెలియలేదు. డాక్టరమ్మ దగ్గరికి శనివారం వెళ్దామనుకున్నాం. బుధవారానికి 16 అయింది, చుట్టూ కాస్త ఎర్రబడింది. శుక్రవారం కొలిస్తే 10. కొలతలో నా చెయ్యి ఎంత వణికినా ఆరు మిల్లీమీటర్ల తేడా రాదు. కొవ్వు ఇలా రెండురోజుల్లో ఉబ్బి తగ్గదు.

ఈసారి స్లైడ్ మీద నూనె లేదు. చక్కగా ఆరింది. రంగు వేశాక డాక్టరమ్మ నన్ను పిలిచి మైక్రోస్కోప్‌లో చూడమంది. గుండ్రటి కణాలు, ఒక్కోదాని నిండా ఊదారంగు చుక్కలు, మీగడ మీద నేరేడుపళ్ళ రసం చిలకరించినట్టు. అందంగా ఉన్నాయి. ఆ మాట పైకి అనలేదు. అవి మాస్ట్ కణాలు. ఆ చుక్కల్లో హిస్టమిన్ ఉంటుంది. మనకి ఎలర్జీ వచ్చినప్పుడు దద్దుర్లు లేపేది అదే. గడ్డ అలా ఉబ్బి తగ్గిందీ దానివల్లే. అది కణితి, క్యాన్సర్ జాతి. పిసికినకొద్దీ ఆ హిస్టమిన్ బయటపడుతుంది కాబట్టి ముట్టుకోవద్దంది, అవిల్ రాసిచ్చింది, తర్వాతి మంగళవారం ఆపరేషన్ అంది.

అమ్మ ఆ నాలుగు రోజులూ పండు వెనక కాలి జోలికే పోలేదు. నిమరడం మెడ దగ్గరే ఆపేసేది.

గడ్డ గింజంత ఉన్నా కోత అరచేయంత పడింది. మాస్ట్ కణితిని కొసలు మిగలకుండా తియ్యాలంటే చుట్టూ రెండు సెంటీమీటర్ల మంచి చర్మం, అడుగున ఒక పొర కలిపి తీస్తారు. తీసింది ల్యాబ్‌కి వెళ్ళింది. రిపోర్టు కోసం పదిరోజులు. ఈ కణితి చర్మంలో పుట్టే రకమైతే, 1984లో పట్నాయక్ అనే పాథాలజిస్టూ ఆయన సహచరులూ చెప్పిన మూడు గ్రేడుల లెక్క ఇప్పటికీ వాడతారు. ఇది రాత్రి చదివి చెప్తుంటే అమ్మ "పట్నాయక్ అంటే ఒరిస్సా వాళ్ళేగా" అని కాస్త ధైర్యం తెచ్చుకుంది. ఎందుకు ధైర్యమో నేను అడగలేదు. రిపోర్టు వచ్చింది: చర్మం కింద పుట్టిన రకం, అంచులన్నీ శుభ్రం. చర్మం కింది రకం సాధారణంగా అంత మొండిది కాదు. చేత్తో తడిమితే కొవ్వుగడ్డలా మోసం చేసేది కూడా ఆ రకమేనట. ఇప్పటికి రెండేళ్ళు, మళ్ళీ రాలేదు.

ఇక రెండో గడ్డ. కుడి చంకలోది. మొదట్లో 38 మిల్లీమీటర్లు. రెండుసార్లు గుచ్చారు, రెండుసార్లూ నూనె చుక్కలే. అచ్చమైన లైపోమా. ఏ చెడ్డబుద్ధీ లేదు. కానీ పెరిగింది. బత్తాయంత అయింది, తర్వాత కాలిపర్స్ చాలక అమ్మ కుట్టుమెషీను దగ్గరున్న టేపు వాడాల్సి వచ్చింది. పక్కటెముకల మీద అంత గడ్డ ఉంటే కుక్కకి పట్టదు. చంకలో అలా కాదు. ముందుకాలు నేరుగా ముందుకి పడదు, గడ్డని తప్పించుకోవడానికి బయటివైపు నుంచి అర్ధచంద్రంలా తిప్పి వేస్తుంది. ఒరుసుకుని చర్మం కమిలింది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రెండు మెట్లున్నాయి. వాటి ముందు నిలబడి పండు నా మొహంలోకి చూడ్డం మొదలుపెట్టింది. ముప్పై కిలోల కుక్కని రోజుకి నాలుగుసార్లు ఎత్తడం నా నడుముకి కుదరని పని. నేను ఆఫీసులో ఉన్నప్పుడు అమ్మకి అసలే కుదరదు. నెమ్మదిగా అది బయటికి వెళ్ళడమే తగ్గించుకుంది. ఉచ్చ బిగబట్టుకుని పడుకునేది.

డాక్టరమ్మ తీసెయ్యమంది. ఇంకొకరి మాట కూడా విందామని ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పండు గుండె విని, పళ్ళు చూసి, "పన్నెండేళ్ళండీ. ఇప్పుడెందుకు కోత? ఉన్నన్నాళ్ళు ఇలా పోనివ్వండి" అన్నారు. ఆయన మాటలో నిర్లక్ష్యం లేదు. ల్యాబ్రడార్‌కి పన్నెండంటే ఆ అధ్యయనంలో కడుపునిండా తిన్నవాటి లెక్కలో ఎప్పుడో దాటేసినట్టే. మత్తు ఇవ్వడంలో వయసు దానికదే జబ్బు కాదంటారు, కానీ వయసుతో పాటు గుండె, కిడ్నీ, గొంతు ఒక్కొక్కటీ నెమ్మదిస్తాయి. ఇద్దరు వైద్యులూ చెప్పింది సరైనదే. ప్రాణం మీదకి తెచ్చే జబ్బయితే ఆలోచించే పనుండదు. ఇది ప్రాణం తియ్యదు. తీసేది నడక. నడక కోసం ప్రాణాన్ని ఎంతవరకూ పందెం కాయొచ్చు? అదీ మనది కాని ప్రాణాన్ని, అడగడానికి వీల్లేనిదాన్ని.

నేను ఆపరేషన్ వైపే మొగ్గాను. అమ్మ ఒప్పుకోలేదు. నాన్నని చివరిసారి ఆస్పత్రిలో లోపలికి తీసుకెళ్ళినప్పుడు ఆమె బయట కుర్చీలో ఉంది. ఆయన స్పృహతో మళ్ళీ బయటికి రాలేదు. అమ్మ ఆ సంగతి ఎత్తలేదు. "మత్తిచ్చాక లేవకపోతే?" అని మాత్రం అడిగింది. నేను లెక్కలు చెప్పబోయాను. వినలేదు. రెండు వారాలు ఇంట్లో ఈ విషయం మాట్లాడుకోలేదు.

తర్వాత ఒకరోజు నేను మీటింగ్‌లో ఉండగా అమ్మ ఫోన్. మామూలుగా పనివేళల్లో చెయ్యదు. "పొద్దున్నించీ అది లేవట్లేదురా. ఉచ్చకి తీసుకెళ్దామంటే మెట్ల దాకా వచ్చి కూలబడిపోయింది. అక్కడే పోసుకుని, తప్పుచేసినట్టు నన్ను చూస్తోంది" అంది. కాసేపు ఆగి, "ఒక్కటి చెప్పు. నువ్వు కోయించాలంటున్నది అది నడవడానికా, నీ భయం తీరడానికా?" అంది. నడవడానికే అన్నాను. "అయితే సరే. భయానికైతే మాత్రం వద్దు."

రక్తపరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ. అన్నీ వయసుకి తగ్గట్టున్నాయన్నారు. ల్యాబ్రడార్లకి ముసలితనంలో గొంతులో స్వరపేటిక సరిగ్గా తెరుచుకోని జబ్బు వస్తుంటుంది, మొరుగు బొంగురుపోతుంది, అదుందేమో కూడా చూశారు. ఉదయం తొమ్మిదింటికి లోపలికి తీసుకెళ్ళారు. ఇంజెక్షన్‌తో నిద్రపుచ్చి, తర్వాత గొట్టం వేసి గ్యాస్ మీద ఉంచుతారు. అమ్మ బయట బల్ల మీద కూచుని విష్ణుసహస్రనామం అందుకుంది. నేను ల్యాప్‌టాప్ తెరిచి ఒక కోడ్ రివ్యూ చేశాను. ఆరోజు నేనేం రాశానో తర్వాత చూసుకుంటే అన్నిటికీ 'బాగుంది' అని పెట్టి ఉంది.

గంటన్నర పట్టింది. చంకలో పెద్ద నరాలూ రక్తనాళాలూ ఉంటాయి, అక్కడ తొందర కుదరదు. కానీ లైపోమాకి తన పొర తనకి ఉంటుంది కాబట్టి, దారి దొరికాక వేళ్ళతోనే విడివడుతుందట, పండిన పనసకాయలోంచి తొన ఊడినట్టు. డాక్టరమ్మ ట్రేలో పెట్టి తెచ్చి చూపించింది. 780 గ్రాములు. లేత పసుపు, వెన్నముద్దలా తళతళలాడుతోంది, రక్తం కూడా పెద్దగా లేదు. నేను పక్కకి చూశాను. అమ్మ మాత్రం వంగి చూసింది. "ఇంత శుభ్రంగా ఉందేమిటి" అంది.

పండు మధ్యాహ్నం మూడింటికి తల ఎత్తింది.

ఎవరూ ముందుగా చెప్పని అవస్థ ఆ తర్వాతది. గడ్డ పోయినచోట బోలు మిగుల్తుంది. ఒంటికి ఖాళీ గిట్టదు, నీరు నింపేస్తుంది. అలా నిండకుండా సన్నటి గొట్టం ఒకటి బయటికి వదిలారు, దాంట్లోంచి ఎర్రటి నీరు బొట్లుబొట్లుగా కారుతుంది. నాలుగు రోజులు. హాల్లో పాత దుప్పట్లన్నీ పరిచేశాం. మెడకి ప్లాస్టిక్ గంప తొడిగితే పండు తలుపులన్నిటికీ గుద్దుకుని, చివరికి గోడకి మొహం పెట్టి నిలబడిపోయింది. అది తీసేసి, బీరువాలోంచి నాన్న బనీను తెచ్చి, ముందుకాళ్ళు చేతుల్లోంచి తీసి, నడుం దగ్గర పిన్నీసు పెట్టింది అమ్మ. కుట్లకి మూతి అందలేదు, పండుకీ ఊపిరాడింది. ఆ పది రాత్రులూ అమ్మ హాల్లోనే చాప వేసుకుంది. గొట్టం తీశాక ఒకసారి నీరు చేరింది, డాక్టరమ్మ సిరంజీతో లాగేసింది. పన్నెండో రోజు కుట్లు విప్పారు. ల్యాబ్ రిపోర్టులో ఒకే పదం: లైపోమా.

ఇది జరిగి నాలుగు నెలలు. కాలు ఇప్పుడు నేరుగానే పడుతోంది. అలవాటుకొద్దీ కొన్నిసార్లు అర్ధచంద్రం తిప్పుతుంది, అక్కడ ఏమీ లేకపోయినా. గేటు దగ్గర రెండు మెట్లూ దిగుతుంది. ఎక్కేటప్పుడు మొదటిది ఎక్కి, ఆగి, చుట్టూ ఎవరున్నారో చూసి, రెండోది ఎక్కుతుంది. మిగిలిన ఐదూ అలాగే ఉన్నాయి. పక్కటెముకల మీది మొదటిది ఇప్పుడు 52 మిల్లీమీటర్లు, ఏడాదిగా కదల్లేదు. దాన్ని తియ్యమని ఎవరూ అనలేదు, మేమూ అడగలేదు. పొట్ట కింది ఆరోది పోయిన ఆదివారం రెండు మిల్లీమీటర్లు తగ్గినట్టు వచ్చింది. నా చేతి తేడా అయ్యుంటుంది. అమ్మ నిమిరి చూసి అంతే ఉందంది. వరుసలో పాత అంకే ఉంచాను.